"వాళ్ల వంశంలోనే ఉంది" అంటే అసలు ఏమిటి? ఒక ఎంజైమ్, కొన్ని తీర్పులు, మన జవాబు పత్రం

ఈ నెలలో మా స్టడీ సర్కిల్‌లో పదకొండు ఎస్సేలు దిద్దాను. టాపిక్ మానసిక ఆరోగ్యం. పదకొండింటిలో తొమ్మిదింట్లో ఒకే వాక్యం కనిపించింది: "మానసిక రుగ్మతలకు జన్యు కారణాలు, పర్యావరణ కారణాలు రెండూ ఉన్నాయి." తప్పు వాక్యం కాదు. దీనికి ఎవరూ మార్కులు కోయరు. కానీ అది చదివాక చదివినవాడికి కొత్తగా తెలిసేదేమీ లేదు. జన్యువు చేసే పని ఏమిటి, ఎంత మేరకు చేస్తుంది, దాన్ని మార్చగలిగేవి ఇంకేమున్నాయి? ఈ పోస్టులో వాటి గురించే రాస్తున్నాను. జీఎస్-3 సైన్స్ అండ్ టెక్నాలజీకి, ఎథిక్స్‌కి, ఎస్సేకి మూడింటికీ పనికొస్తుంది. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

నాకు ఈ ప్రశ్నలు సిలబస్ చూసి పుట్టలేదు. మా అమ్మ తమ్ముడికి, మా చిన్న మామయ్యకి, డిగ్రీ అయిన మరుసటి ఏడాది స్కిజోఫ్రీనియా మొదలైంది. ఊళ్లో మొదట "గాలి సోకింది" అన్నారు. తర్వాత "మతి చెడింది" అన్నారు. డాక్టరు జబ్బు పేరు చెప్పాక "వాళ్ల వంశంలోనే ఉందట" అన్నారు. మొదటి రెండు మాటలూ మామయ్య దగ్గరే ఆగిపోయాయి. మూడోది మా ఇంటి గుమ్మందాకా వచ్చింది. మా అక్కకి రెండు సంబంధాలు కుదిరినట్టే కుదిరి తప్పిపోయాయి. ఇద్దరూ "జాతకాలు కలవలేదు" అనే చెప్పారు. జాతకాలు చూసింది పెళ్ళిచూపులకు ముందే! ఇక నా సంగతి. నాకిప్పుడు ఇరవై నాలుగు. మామయ్యకి జబ్బు మొదలైన వయసు దాటి రెండేళ్లయింది. మెయిన్స్ ముందు వరసగా నాలుగు రాత్రులు నిద్ర పట్టకపోతే మీకు అది టెన్షన్. నాకు టెన్షన్‌తో పాటు ఇంకో అనుమానం. అందుకే "వంశంలో ఉంది" అన్న మాటలో ఆ "ఉంది" అనేది ఏమిటో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను.

స్కిజోఫ్రీనియాకి ఒక్క జన్యువు లేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒకే ఒక్క ఎంజైమ్‌ని పట్టుకుందాం. జన్యువుకూ మనసుకూ మధ్య సంబంధం గురించి ప్రపంచం ఎక్కువగా వాదించుకున్నది దీని మీదే.

దాని పేరు మోనోఅమైన్ ఆక్సిడేజ్. 1928లో కేంబ్రిడ్జ్‌లో మేరీ హేర్ అనే పరిశోధకురాలు దీన్ని కనిపెట్టారు. ఇందులో ఏ, బీ అని రెండు రకాలున్నాయి. మనకు కావలసింది ఏ రకం, అంటే ఎంఏఓ-ఏ. మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే సెరోటోనిన్, నార్ఎపినెఫ్రిన్, డోపమైన్ లాంటి రసాయనాలను పని అయ్యాక విరగ్గొట్టడం దీని ఉద్యోగం. ఊరి చెరువుకి తూము ఉంటుంది కదా, అలా అనుకోండి. తూము ఎక్కువ తెరిస్తే చెరువు అడుగంటుతుంది, అసలు మూసేస్తే గట్టు మీద ఒత్తిడి పడుతుంది. (ఉపమానం ఉపమానమే. మెదడు చెరువు కాదు. జవాబులో ఇది రాస్తే ఒక్క వాక్యంతో ఆపండి.)

తూము మూస్తే ఏమవుతుందో మొదట తెలిసింది అనుకోకుండానే. 1952లో న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో టీబీ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇచ్చారు. ఊపిరితిత్తుల సంగతి అటుంచితే రోగుల్లో హుషారు పెరిగింది, ఆకలి పెరిగింది, వార్డులో కళ వచ్చింది. ఆ మందు ఎంఏఓని అడ్డుకుంటుందని అదే ఏడాది తేలింది. 1957 నాటికి నేథన్ క్లైన్ దాన్ని డిప్రెషన్‌కు వాడి ఫలితాలు చెప్పారు. తర్వాత కాలేయం దెబ్బతింటోందని ఆ మందు పక్కకు పోయింది కానీ డిప్రెషన్‌కి మందుబిళ్ళ ఉండగలదన్న ఆలోచన నిలబడింది. మనం "వంశం", "గాలి" అంటున్న కాలంలోనే ఒక టీబీ వార్డు ఈ సంగతి చెప్పింది.

ఇప్పుడు జన్యువు. ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి, చాలామంది కలిపేస్తారు. జన్యువులో మార్పు వస్తే ఎంజైమ్ ఆకారమే చెడిపోవచ్చు. లేదా ఆకారం బాగానే ఉండి, ఎంత తయారవ్వాలి అన్న లెక్క మారవచ్చు. మొదటిది తూము తలుపే విరిగిపోవడం. రెండోది తలుపు బాగానే ఉన్నా దాన్ని ఎంత ఎత్తాలో చెప్పే మర తేడాగా ఉండడం. ఈ లెక్క చూసే డీఎన్ఏ భాగాన్ని ప్రమోటర్ అంటారు. నియంత్రణ అంటే ఇదే.

తలుపు విరిగిన ఉదాహరణ నెదర్లాండ్స్‌ది. నైమేఖన్‌లో హాన్ బ్రన్నర్ బృందం ఒక కుటుంబాన్ని పరిశీలించింది. ఆ కుటుంబంలో కొందరు మగవాళ్లకు కొద్దిపాటి మేధోవైకల్యం ఉంది, చిన్న విషయానికే పెద్ద హింసకు దిగడం ఉంది. ఎంఏఓ-ఏ జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల ఎంజైమ్ తయారీ మధ్యలోనే ఆగిపోతోందని 1993లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్లకు రెండో కాపీ ఆదుకుంటుంది, మగవాళ్లకు ఉన్నది ఒకటే. ఇది చాలా అరుదైన లోపం. పేపర్లు దీనికి వెంటనే "దౌర్జన్య జన్యువు" అని పేరు పెట్టేశాయి. బ్రన్నర్ మాత్రం ప్రవర్తనను నేరుగా రాసిపెట్టే జన్యువు అనే ఆలోచనే పొసగదని తర్వాత స్పష్టంగా రాశారు. ఎథిక్స్ పేపర్‌లో శాస్త్రవేత్త బాధ్యత గురించి ఉదాహరణ కావాలంటే ఇది మంచిది.

ఒక్క క్షణం ఇక్కడ ఆగండి. పెద్దవాళ్లలో ఇదే ఎంజైమ్‌ను మందుతో అడ్డుకుంటే దిగులు తగ్గింది. పుట్టుకతోనే లేకపోతే ఇలా అయింది. ఎంజైమ్ ఒకటే, తేడా దాన్ని ఆపిన కాలంలో ఉంది. ఎదుగుతున్న మెదడులో అది లేకపోవడం వేరు, ఎదిగిన మెదడులో కొన్ని నెలలు తగ్గించడం వేరు. "ఫలానా రసాయనం తక్కువైతే ఫలానా జబ్బు" అని ఒక్క ముక్కలో రాసే జవాబులు నిలబడకపోవడానికి కారణం ఇదే.

మర తేడా ఉన్న సంగతి 1998లో తెలిసింది. ఎంఏఓ-ఏ ప్రమోటర్‌లో 30 అక్షరాల ముక్క ఒకటి పదే పదే వస్తుంది. కొందరిలో మూడుసార్లు, కొందరిలో మూడున్నర, కొందరిలో నాలుగు, అరుదుగా ఐదు. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో చూస్తే మూడున్నర, నాలుగు ఉన్న రకం మూడు ఉన్నదానికన్నా రెండు నుంచి పది రెట్లు చురుకుగా పని చేసింది. మూడు ఉన్న రకం "తక్కువ చురుకుదనం" రకం. ఇది అరుదైన లోపం కాదు. బస్సులో మీ పక్కన కూర్చున్నవాడికీ ఉండొచ్చు, మీకూ ఉండొచ్చు.

దీని మీద 2002లో వచ్చిన అధ్యయనం గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చారు. అవ్‌షలోమ్ కాస్పి, టెర్రీ మోఫిట్ బృందం అందులోని మగవాళ్లను తీసుకుని మూడు సంగతులు కలిపి చూసింది: ప్రమోటర్ రకం, చిన్నప్పుడు ఇంట్లో దెబ్బలు, వేధింపులు ఎదురయ్యాయా, పెద్దయ్యాక హింసా నేరాలు చేశారా. తక్కువ చురుకుదనం రకంతో పాటు చిన్నప్పుడు వేధింపులకు గురైనవాళ్లు ఆ మగవాళ్లలో 12 శాతమే. కానీ హింసా నేరాల శిక్షల్లో 44 శాతం వాళ్లవే. అదే రకం జన్యువు ఉండి మామూలు ఇంట్లో పెరిగినవాళ్లలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. అంటే ఒక్క జన్యువు ఏమీ చెప్పలేదు. వేధింపులు జన్యువు ఏదైనా కొంత హాని చేశాయి. రెండూ ఒకేచోట పడ్డప్పుడు లెక్క పెద్దదైంది.

నాకు ఈ అధ్యయనం మొదటిసారి చదివినప్పుడు కలిగింది ఊరట. కానీ లోకం దాన్ని ఎలా చదివిందో చూడండి.

2006లో ఒక పరిశోధకుడు ఇదే తక్కువ చురుకుదనం రకం న్యూజిలాండ్ మావోరీల్లో ఎక్కువ శాతం మందిలో ఉందని చెప్పగానే పత్రికలు "యోధ జన్యువు" అని శీర్షికలు పెట్టాయి. మావోరీల్లో జైలుపాలయ్యేవాళ్లు ఎక్కువ ఎందుకో తేలిపోయిందన్నట్టు రాశాయి. భూమి పోవడం, పేదరికం, పోలీసు వివక్ష అన్నీ ఒక్క దెబ్బతో పక్కకు పోయాయి. దాన్ని విమర్శించినవాళ్లు ఒక చిన్న ప్రశ్న అడిగారు: చైనీయుల్లో ఈ రకం ఇంకా ఎక్కువ శాతం మందిలో ఉంది కదా, మరి వాళ్లను యోధులు అనరేం? జవాబు రాలేదు. డునెడిన్ చెప్పిన రెండో సగం, అంటే ఇల్లు ఎలాంటిదన్నది, శీర్షికల్లో మాయమైంది.

ఇది ఎక్కడో దూరాన జరిగిందనుకోకండి. జన్యువు అనే మాట పుట్టకముందే మన దగ్గర ఇదే ఆలోచన చట్టమైంది. 1871 క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ కొన్ని తెగలనే పుట్టు నేరస్థులుగా లెక్కగట్టింది. 1911 చట్టంతో అది మద్రాస్ ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరు మాత్రం తెలుగు సినిమా టైటిళ్లలో దొంగలతోనే ముడిపడి ఉండిపోయింది. ఆ ఊళ్లో పుట్టి టీచరైన మనిషి, పోలీసైన మనిషి ప్రతి కొత్త పరిచయంలో ఒక నవ్వును భరించాల్సి వస్తుంది. "వంశంలో ఉంది" అన్న మాటను రాజ్యం తన నోటితో అంటే ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ ఊరు చాలు. సామాజిక న్యాయం ప్రశ్నల్లో విముక్త జాతుల గురించి రాసేటప్పుడు ఈ కోణం ఎవరూ రాయడం లేదు. మీరు రాయండి.

కోర్టుల్లో ఇదే వాదన తలకిందులుగా నడిచింది. 2009లో అమెరికా టెన్నెసీలో హత్య కేసులో ముద్దాయి తరఫు లాయర్లు అతని ఎంఏఓ-ఏ రకాన్నీ, చిన్నప్పుడు పడ్డ బాధలనూ జ్యూరీ ముందు పెట్టారు. జ్యూరీ హత్య అనకుండా అంతకన్నా తక్కువ నేరం కింద దోషిగా తేల్చింది. అదే ఏడాది ఇటలీలో ట్రియెస్టే అప్పీలు కోర్టు ఇలాంటి జన్యు పరీక్షలనూ లెక్కలోకి తీసుకుని ఒక హత్య కేసు దోషికి ఒక సంవత్సరం శిక్ష తగ్గించింది. మీరు జడ్జి అయితే ఏం చేస్తారు? "అతని తప్పు కాదు, జన్యువుది" అని దయ చూపుతారా, "ఈ జన్యువు ఉన్నవాడు మళ్లీ చేస్తాడు" అని ఎక్కువ కాలం లోపల పెడతారా? ఒకే సాక్ష్యం రెండు వైపులా కోస్తుంది. నా మటుకు నాకు, ఏ వైపైనా ఆ పరీక్ష కాగితానికి అంత బరువు ఇవ్వకూడదనిపిస్తుంది. కారణం సైన్సే.

ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన లెక్కలు గొప్పగా లేవు. డునెడిన్ ఫలితాన్ని కొన్ని అధ్యయనాలు సమర్థించాయి, కొన్నింటిలో అది కనిపించలేదు. 2007లో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ల మెదళ్లను పెట్ స్కాన్ చేసి చూస్తే ప్రమోటర్ రకాన్ని బట్టి మెదడులో ఎంజైమ్ చురుకుదనం మారుతున్నట్టు తేలలేదు. గాజు పాత్రలోని కణంలో పది రెట్లు తేడా చూపిన మర బతికున్న మెదడులో తేడా చూపలేదన్నమాట. 2019లో డిప్రెషన్‌కి సంబంధించి పాతికేళ్లుగా పేరు మోసిన 18 జన్యువులను లక్షల మంది డేటాతో పరీక్షించారు. గుడ్డిగా ఏరుకున్న జన్యువులకన్నా అవి మెరుగ్గా ఏమీ చెప్పలేకపోయాయి. వాటి మీద ఎన్ని వందల పేపర్లు వచ్చాయో తలచుకుంటే నీరసం వస్తుంది.

అంటే జన్యువు పాత్ర లేదనా? ఉంది. 2022లో 'నేచర్'లో వచ్చిన అధ్యయనం స్కిజోఫ్రీనియా ఉన్న 76,755 మందిని, లేని 2,43,649 మందిని పోల్చి జీనోమ్‌లో 287 చోట్ల తేడాలు గుర్తించింది. ఒక్కో చోటి ప్రభావం ఆవగింజంత. వీటిలో ఎక్కువ భాగం ప్రొటీన్ ఆకారాన్ని మార్చేవి కావు, ఎంత తయారవ్వాలి, ఎప్పుడు తయారవ్వాలి అన్న నియంత్రణ భాగాల్లో ఉన్నవి. ఎవరి వంశంలోనైనా "ఉన్నది" ఇదే: వందల చిన్న చిన్న మరలు, అటో ఇటో కాస్త తిరిగి ఉండడం. మీలోనూ ఉన్నాయి. లేనివాళ్లెవరూ లేరు.

నా సంగతి చెప్తాను. పాత ఐరోపా కుటుంబ అధ్యయనాలను కలిపి వేసిన లెక్కల్లో మేనమామకో, బాబాయికో స్కిజోఫ్రీనియా ఉంటే మనకు వచ్చే అవకాశం నూటికి సుమారు నాలుగు. ఎవరికైనా ఉండే అవకాశం నూటికి సుమారు ఒకటి. నాలుగు రెట్లు అంటే భయం వేస్తుంది. నూటికి తొంభై ఆరు మందికి రాదు అంటే అదే లెక్క వేరుగా వినిపిస్తుంది. డీఎన్ఏ అంతా ఒకటే అయిన కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది దాదాపు సగం సందర్భాల్లోనే. ఆ రెండు పాత సంబంధాల వాళ్లకి ఈ లెక్క ఎవరైనా చెప్పి ఉంటే జాతకాలు కలిసేవేమో, తెలియదు.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచినవి వేరే స్కాన్లు. అవి మళ్లీ ఎంఏఓ-ఏ గురించే, కానీ జన్యువు రకం గురించి కాదు. టొరంటోలో 2006లో డిప్రెషన్‌లో ఉండి మందులు వాడని వాళ్ల మెదడును చూస్తే ఎంఏఓ-ఏ సగటున 34 శాతం ఎక్కువగా ఉంది. 2010లో అక్కడి బృందమే కాన్పయిన నాలుగు నుంచి ఆరు రోజుల్లో ఉన్న ఆరోగ్యవంతులైన బాలింతలను చూసింది. 43 శాతం ఎక్కువ! కాన్పు కాగానే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోయే రోజులవి. అలాగే పొగ తాగేవాళ్ల మెదడులో ఈ ఎంజైమ్ తక్కువని 1996లోనే తెలిసింది. చూశారా, పుట్టుకతో వచ్చిన ప్రమోటర్ రకం స్కాన్‌లో కనిపించలేదు కానీ కాన్పు కనిపించింది, సిగరెట్ కనిపించింది. తూము తలుపును ఎత్తేది తాతముత్తాతల చెయ్యి ఒక్కటే కాదు. మన బాలింతల్ని పురిటి గదిలో పెట్టి "ఏడవకు, పాలు పడవు" అని గద్దించే పెద్దలకు ఈ 43 శాతం సంగతి చెప్పాలి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చే మొదటి వారంలోనే తల్లి మనసు గురించి కూడా రెండు ప్రశ్నలు అడగాలి అని రాయడానికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు దొరకలేదు.

ఎంజైమ్ జన్యువు తేడా మానసిక వైద్యంలో నేరుగా, ఇవాళే పనికొచ్చే చోటు ఒకటుంది. అది జబ్బు ఎందుకొచ్చింది అన్న దగ్గర కాదు, మందు ఎంత ఇవ్వాలి అన్న దగ్గర. కాలేయంలో సీవైపీ2సీ19, సీవైపీ2డీ6 అని మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్‌లు ఉంటాయి. కొందరిలో ఇవి మందకొడిగా, కొందరిలో మహా వేగంగా పని చేస్తాయి. సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందును సీవైపీ2సీ19 మందకొడిగా ఉన్నవాళ్లకి రోజుకు 20 మిల్లీగ్రాములు మించి ఇవ్వొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెబుతోంది. ఒకే బిళ్ళ ఒకరికి ఏమీ చేయదు, ఇంకొకరిని రోజంతా పడుకోబెడుతుంది. మామయ్యకి మొదటి ఏడాది మూడు మందులు మార్చారు. ఊళ్లో వాళ్లు దాన్నీ "జబ్బు మొండిది" అనే అన్నారు.

ఇంకో ఎంజైమ్ మన తెలుగు నేలదే. రక్తంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఆర్య వైశ్యుల్లో దీని లోపం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ మందిలో కనిపిస్తుంది. తరతరాలుగా లోపలి పెళ్ళిళ్ల వల్ల ఒక పూర్వీకుడి మార్పు అలా నిలిచిపోయింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగమైన 2017 నాటి దక్షిణాసియా జన్యు అధ్యయనంలో ఇది ప్రముఖ ఉదాహరణ. మామూలుగా దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడు మాత్రం నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటలదాకా రాదు. మానసిక వైద్యంతో సంబంధం ఏమిటంటారా? మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్, 2017 సెక్షన్ 95 ప్రకారం మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా విద్యుత్ షాక్ చికిత్స ఇవ్వడం నిషేధం. ఆ సడలింపుకు సాధారణంగా వాడేది ఈ మందే. అందుకే మత్తు డాక్టర్లు ముందే అడుగుతారు, వేరే మందు వాడతారో, వెంటిలేటర్ సిద్ధం చేసుకుంటారో. కేస్ షీట్‌లో ఒక లైన్ రాస్తారు, అంతే.

దీన్ని మామయ్య సంగతితో పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడ లోపం నిజంగా వంశంలో ఉంది, ఏ జన్యువో తెలుసు, ఏ అక్షరమో తెలుసు, జాగ్రత్త పడకపోతే ప్రాణం మీదకు వస్తుంది. అయినా దీనివల్ల ఒక్క పెళ్ళి సంబంధం తప్పిపోయిందని నేను వినలేదు, ఎవరూ గొంతు తగ్గించి చెప్పుకోరు. నూటికి నాలుగు అన్న మసక లెక్కకు మాత్రం గుమ్మం దగ్గరే చెప్పులు వెనక్కి తిరుగుతాయి.

ఇక చట్టం. ఇందులో చాలా వరకు మీ నోట్స్‌లో ఉండే ఉంటుంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 22, పాత ఐపీసీ 84, నేరం చేసిన క్షణంలో ఆ మనిషికి తాను చేస్తున్నది తెలుసా లేదా అని అడుగుతుంది, జన్యువుల్ని అడగదు. 2014 శత్రుఘ్న చౌహాన్ తీర్పులో సుప్రీంకోర్టు మరణశిక్ష తగ్గింపుకు మానసిక వ్యాధిని ఒక కారణంగా ఒప్పుకుంది. అక్కడా చూసింది ఖైదీ ప్రస్తుత స్థితినే. 2017 చట్టం సెక్షన్ 3 ఇంకా ముందుకు వెళ్లింది: ఒకరి సామాజిక స్థితిని బట్టో, వారు ఏ జాతికో, మతానికో, సాంస్కృతిక సమూహానికో చెందడాన్ని బట్టో మానసిక వ్యాధి ఉందని తేల్చకూడదు. మావోరీల వార్త, స్టువర్టుపురం చదివాక ఈ సెక్షన్ ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 5 కూడా వధూవరుల మానసిక స్థితి గురించే మాట్లాడుతుంది. మేనమామల గురించి ఒక్క ముక్క లేదు.

బీమా దగ్గరే చిక్కు. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం సెక్షన్ 21(4) చెబుతోంది. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు, "జన్యు రుగ్మతలు" అని మొత్తంగా పాలసీ నుంచి మినహాయించడం ఆర్టికల్ 14కు విరుద్ధమని తీర్పు చెప్పింది. అమెరికాలో 2008 నుంచి జన్యు సమాచారం ఆధారంగా ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం ఉంది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2025 జనవరిలో జీనోమ్ ఇండియా పదివేల మంది డేటాను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. అది మంచిదే. ఇప్పటిదాకా లోకం లెక్కలన్నీ ఎక్కువగా ఐరోపా మూలాల వాళ్ల డీఎన్ఏ మీదే వేసినవి, నా "నూటికి నాలుగు" సహా. కానీ డేటా ముందు వచ్చి రక్షణ తర్వాత వస్తే మధ్యలో నలిగేది ఎవరో ఊహించడం కష్టం కాదు. పెళ్ళి బయోడేటాలో జన్యు పరీక్ష రిపోర్టు జత చేయమనే రోజు నాకు పెద్ద దూరంగా కనిపించడం లేదు.

జన్యువుల గురించి ఇంత రాశాక ఒక మాట. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం రకరకాల మానసిక రుగ్మతలకు చికిత్స అందనివాళ్లు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఏ జన్యు పరీక్షా ఈ అంకెను తగ్గించదు. మామయ్య ఇప్పుడు నెలకోసారి ఇంజెక్షన్‌కి టౌన్‌కి వెళ్తాడు, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి వస్తాడు, మిగతా రోజులు తాతయ్య కిరాణా కొట్టు చూసుకుంటాడు. లెక్కల్లో నాకన్నా చురుకు. డాక్టర్ రాని నెల మాత్రం ఇంటిల్లిపాదికీ బెంగ. మీలో ఎవరికైనా ఈ ప్రిపరేషన్ రోజుల్లో నిద్ర, తిండి, ఆలోచన అదుపు తప్పుతున్నట్టు అనిపిస్తే టెలీ మానస్ నంబర్ 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు.

ఈ వారం రాయాల్సిన ప్రశ్న: "జన్యు సమాచారం మనిషిని అర్థం చేసుకోవడానికి సాధనమా, మనిషిపై తీర్పు చెప్పడానికి సాధనమా? భారతదేశంలోని చట్టాల నేపథ్యంలో చర్చించండి." 250 పదాలు, 15 మార్కులు. "జన్యు కారణాలు, పర్యావరణ కారణాలు రెండూ ఉన్నాయి" అన్న వాక్యం వాడకుండా రాయండి.